ముగ్గురికీ ఒకే ఈసీజీ

గురువారం మూడో పీరియడ్‌లో ఫోన్ మోగింది. క్లాసులో ఫోన్ ఎత్తే మాస్టర్లంటే నాకు ఒళ్ళుమంట. ఈ విషయం మీద స్టాఫ్‌రూమ్‌లో ఇద్దరితో మాటలు కూడా మానేశాను. అయినా ఆ రోజు ఎత్తాను. విశాఖపట్నం నుంచి రేసువాళ్ళు చేస్తున్నారు మరి.

“వెస్లీగారేనా అండీ? ఘాట్ ఫిఫ్టీ మెడికల్ టీమ్ నుంచి, డాక్టర్ని మాట్లాడుతున్నా.”

తొమ్మిదో తరగతి పిల్లల్ని త్రిభుజాలకు వదిలేసి వరండాలోకి వచ్చాను. అరకు దారిలో యాభై కిలోమీటర్ల కొండ పరుగు అది. ఇంకా మూడు వారాలుంది. మెడికల్ సర్టిఫికెట్, దానికి ఈసీజీ జతచేస్తేగాని రానివ్వరు. మా ముగ్గురి కాగితాలూ నేనే పంపాను.

“మీవి మూడు అప్లికేషన్లండి. మీది, కిషోర్‌బాబుగారిది, రత్నబాబుగారిది. మూడిటికీ పెట్టిన ఈసీజీ ఒకటే.”

“ఒకటే అంటే... ఒకే చోట తీయించుకున్నామండి.”

“మాస్టారూ, పాతికేళ్ళుగా ఇవే చూస్తున్నా. పేర్లు మూడు, గుండె ఒకటి.” ఆయన గొంతులో కోపం లేదు. ఉంటే బాగుండేది, నేనూ ఎదురు కోపం తెచ్చుకుని బయటపడేవాణ్ణి. “దొంగ కాగితాల సంగతి తర్వాత చూద్దాం. అసలు ఈ ఈసీజీ బాలేదు. గుండె గోడ మందమెక్కినవాళ్ళకి ఇలా వస్తుంది. పైకి ఏ జబ్బూ ఉన్నట్టుండదు. గట్టిగా పరిగెత్తినప్పుడే పడిపోతారు. పడితే లేవకపోవచ్చు. ఎవరిదండీ ఇది?”

“కనుక్కుని చెప్తానండి.”

“నాకు చెప్పకపోయినా పర్లేదు. ఆ మనిషికి మాత్రం ఇవాళే చెప్పండి. ఎకో తీయించేదాకా పరుగనేది వద్దు.”

కనుక్కోవడానికేముంది? నాకు తెలుసు. అది రత్నబాబు గుండె.

మేం ముగ్గురం నందిగామలో పదో తరగతి ఒకే బెంచీ. నేను లెక్కల మాస్టర్నయ్యాను. కిషోర్‌బాబుకి పొలాలున్నాయి, నందిగామ సెంటర్లో ఎరువుల కొట్టుంది, కొట్టుకి తగ్గ పొట్ట కూడా ఉంది. రత్నబాబు జగ్గయ్యపేట దగ్గర సున్నపురాయి క్వారీలో డంపర్ నడుపుతాడు, కాంట్రాక్టు కింద. నలభై దాటాక ఒక పెళ్ళిలో మేడ మీద భోజనాలకి ఎక్కుతూ నేనూ కిషోర్ రొప్పుతుంటే, రత్నబాబు వెనక్కి తిరిగి, “సిగ్గులేదంట్రా, మెట్లెక్కలేని బతుకు ఒక బతుకా?” అన్నాడు. ఆ ఒక్క మాటకి రోషమొచ్చి పరుగు మొదలుపెట్టాం.

ఐదేళ్ళలో పదకొండు రేసులు. హైదరాబాదు, వైజాగ్ బీచి రోడ్డు, గోవా, ఒకసారి జైపూర్ కూడా. స్లీపర్ బోగీలో ఎదురెదురు బెర్తులు, రత్నబాబు తల్లి ఆరోగ్యమ్మ కట్టిచ్చిన పులిహోర, లాడ్జీలో ఒకే గదిలో ముగ్గురి గురక. భార్యలకి చెప్పుకోలేనివి కూడా ఆ గదుల్లో చెప్పుకున్నాం. రేసులో రత్నబాబు ఎప్పుడూ ముందు, తర్వాత నేను. కిషోర్ అందరికంటే చివర వచ్చేవాడు. వాడి చెప్పులు చేత్తో పట్టుకుని ఫినిష్ దగ్గర మేమిద్దరం నిలబడేవాళ్ళం. బూట్లు విప్పి ఆ చెప్పులేసుకుంటేగాని వాడి మొహంలోకి నవ్వు వచ్చేది కాదు.

ఇక ఆ ఈసీజీ సంగతి. క్వారీ డ్రైవర్లకి ఏడాదికోసారి మెడికల్ ఉంటుంది. గేటు బయట వ్యాను ఆగుతుంది, టోకెన్ పిలుస్తారు, రక్తం తీస్తారు, ఈసీజీ తీస్తారు. రెండేళ్ళ కిందట రత్నబాబు ఆ కాగితం తెచ్చి నా చేతిలో పెట్టాడు. “ఫ్రీగా తీసిండ్రు, రేసుకి పనికొస్తదేమో చూడరా,” అన్నాడు. అప్పుడు నాకొక ఆలోచన వచ్చింది, పాడు ఆలోచన. ఒకడిది ఉంది కదా, మిగతా ఇద్దరం విజయవాడ పోయి ఒక రోజంతా పాడుచేసుకోవడమెందుకు? కాగితం పైన పేరున్నచోట తెల్లకాగితం ముక్క అంటించి మూడు జిరాక్సులు తీశాను. ఒకదానిమీద వాడి పేరు, ఒకదానిమీద నా పేరు, ఒకదానిమీద కిషోర్ పేరు పెన్నుతో రాశాను. సర్టిఫికెట్ మీద సంతకం పెట్టిన డాక్టరు తల కూడా ఎత్తలేదు. అప్పట్నుంచి ప్రతి రేసుకీ అవే, తేదీ మాత్రం మార్చేవాణ్ణి. పరీక్షలో స్లిప్పు పెట్టిన పిల్లాడి డొక్క చీరే వెస్లీ మాస్టారు చేసిన పని ఇది.

అంతటితో ఆగానా? మేం గోవా బయల్దేరుతుంటే కిషోర్ భార్య రాజ్యశ్రీ కారు దగ్గరికి వచ్చింది. “అన్నయ్యగారూ, మా మావగారు యాభై నిండకుండానే పొలంలో కూలబడిపోయారు. ఈయనకి ఈ వయసులో ఈ పరుగులు అవసరమా అండీ?” అంది. కళ్ళలో నీళ్ళు తిరుగుతున్నాయి. నేను సంచిలోంచి కిషోర్ పేరున్న జిరాక్సు తీసి చూపించాను. “ఇదిగో చెల్లెమ్మా, మీ ఆయన ఈసీజీ. గుర్రం గుండె. ఇంక భయపడకు,” అన్నాను. పక్కనే మంచినీళ్ళు తాగుతున్న కిషోర్‌కి నవ్వొచ్చి పొలమారింది. నా అబద్ధం బాగా అతికిందని నవ్వాడనుకున్నాను.

గురువారం సాయంత్రమే రత్నబాబుకి ఫోన్ చెయ్యాలి. చెయ్యలేదు. ఎందుకు చెయ్యలేదో చెబుతాను, మీరు నన్ను తిట్టుకున్నా సరే. గుండె జబ్బని తెలిస్తే క్వారీలో డంపర్ దింపేస్తారు, వాడి ఇల్లు గడవదు. ఇది నాకు నేను చెప్పుకున్న కారణం. లోపలిది వేరే. విషయం బయటికొస్తే దొంగ కాగితాలు తయారు చేసింది ఎవరు? గవర్నమెంటు మాస్టరు. ఉద్యోగం ఊడుతుందేమో, పేపర్లో ఫొటో పడుతుందేమో, పిల్లలు నవ్వుతారేమో. దొంగకు తేలు కుట్టినట్టయింది నా పని.

శుక్రవారం మనసాగక జగ్గయ్యపేట వెళ్ళాను. రత్నబాబు అప్పుడే షిఫ్ట్ దిగి వచ్చాడు. కనుబొమ్మల మీద సున్నపుదుమ్ము అలాగే ఉంది. రెండు ముద్దలు తింటాడు, నీళ్ళు తాగుతాడు, నావైపు చూస్తాడు.

“ఏందిరా అట్ట చూస్తన్నావు? నేనేమన్నా పోతన్నానా?” అన్నాడు.

“ఛీ, నోటికేమొస్తే అది మాట్లాడతావు,” అని కసిరాను.

ఆరోగ్యమ్మ పెద్దమ్మ నాకూ కంచం పెట్టింది. “మీరు కొండలెక్కే రోజున నేను ఉపవాసం ఉంటానయ్యా. దేవుడు వీడికి గుండె గట్టిదిచ్చాడు,” అంది. చెప్పకుండానే బస్సెక్కాను. దారంతా నన్ను నేను తిట్టుకున్నాను, కానీ తిట్టుకుంటే ఎవరి ప్రాణం నిలబడుతుంది?

శనివారం సాయంత్రం బీరువాలోంచి అసలు కాగితం తీశాను. తెల్లముక్క ఇంకా అంటుకునే ఉంది. గోటితో గీకాను. కింద రత్నబాబు పేరు, టోకెన్ నంబరు. వాటి కింద మెషీన్ కొట్టిన రెండు సన్న లైన్లు. ఈసీజీ మామూలుగా లేదనీ, గుండె డాక్టరుకి చూపించమనీ ఇంగ్లీషులో ఉంది. పేరుతోపాటు ఆ రెండు లైన్లనీ రెండేళ్ళ కిందట నా చేత్తో నేనే మూసేశాను. చదవలేదు. ప్రశ్న పూర్తిగా చదివి ఏడవండ్రా అని రోజూ పిల్లలమీద అరిచే నేను, చదవలేదు.

వెంటనే మా ముగ్గురి గ్రూపులో మెసేజ్ పెట్టాను. ‘రేపు రన్ వద్దు. నాకు మోకాలు నొప్పి.’

‘మోకాలు నొప్పైనోడు సైకిల్ మీద రా’ అని రత్నబాబు.

‘రేసుకి మూడు వారాలే ఉంది మాస్టరూ. నువ్వు రాకపోతే మేమిద్దరం పోతాం’ అని కిషోర్.

మేమిద్దరం పోతాం. ఆ మాట చూసి, రాకపోవడం కంటే వెళ్ళడమే నయమనుకున్నాను. దారిలో ఏదో ఒక వంక పెట్టి రత్నబాబుని ఆపాలి, పక్కకి తీసుకెళ్ళి చెప్పాలి. కిషోర్ ముందు మాత్రం చెప్పకూడదు. వాడు మంచివాడే కానీ నోట్లో నువ్వుగింజ నానదు. ఎరువుల కొట్లో వాడొక మాటంటే మధ్యాహ్నానికి కంచికచర్లలో తెలుస్తుంది.

ఆదివారం మా దారి ఎప్పుడూ ఒకటే. చిల్లకల్లు దగ్గర హైవే పక్కన కారు ఆపి, అక్కణ్ణుంచి వేదాద్రికి పది కిలోమీటర్లు. కృష్ణ రేవులో నీళ్ళు ముట్టుకుని వెనక్కి తిరగాలి. కిషోర్ మాత్రం బూట్లు విప్పి నీళ్ళు నెత్తిన చల్లుకుని, నరసింహస్వామి గుడివైపు దణ్ణం పెట్టుకుంటాడు. తర్వాత మా ఇద్దరికీ చర్చి టైము. నీళ్ళు ముందు ముట్టుకున్నవాడికి మిగతా ఇద్దరూ టిఫిను పెట్టించాలని రూలు. ఐదేళ్ళలో కిషోర్ ఒక్కసారి కూడా ముందు ముట్టుకోలేదు. “పోయేలోపు ఒక్క ఆదివారమన్నా మీకంటే ముందు ముట్టుకుంటానురా,” అనేవాడు. మేం ఎగతాళి చేసేవాళ్ళం.

ఐదున్నరకి మొదలుపెట్టాం. మంచు బాగా పట్టింది. మామూలు రోజుల్లో డంపర్ల మోతలో మన మాట మనకి వినపడదు. ఆదివారం కాబట్టి అంతా ఆగిపోయి ఉంది. దుమ్ము పట్టిన తుమ్మచెట్లు రెండుపక్కలా తెల్లగా నిలబడ్డాయి. ఆ నిశ్శబ్దం ఎప్పుడూ నాకిష్టం. ఆ రోజు మాత్రం మూడు జతల బూట్ల చప్పుడు వింటుంటే భయమేసింది. ప్రతి అడుగుకీ రత్నబాబు వైపే చూస్తున్నాను. వాడు ఊపిరి పీల్చినా అనుమానమే, దగ్గినా అనుమానమే. కిషోర్ వైపు ఒక్కసారి కూడా చూడలేదు.

“నెమ్మదిగా పోరా,” అన్నాను.

“నెమ్మదిగా పోతే ఇంట్లో పడుకుంటే పోలా?” అని రత్నబాబు ఇంకాస్త వేగం పెంచాడు.

ఆరో కిలోమీటరు దగ్గర ఇంక ఆగలేక మోకాలు పట్టుకుని కల్వర్టు మీద కూలబడ్డాను. “రత్నా, ఆగరా. కాలు కదలట్లేదు.” వాడు విసుక్కుంటూ వెనక్కి వచ్చాడు. కిషోర్ కూడా రొప్పుతూ చేరుకుని, నడుం మీద చేతులేసుకుని నిలబడ్డాడు. మొహం చెమటతో మెరుస్తోంది.

“నువ్వు పోరా కిషోరూ,” అన్నాను. “మేం మెల్లగా వస్తాం. ఇవాళ నీళ్ళు నువ్వే ముట్టుకో.”

“నిజంగానా? సగం దారిలో వచ్చి దాటేస్తే ఊరుకోను.”

“దాటం. ప్రభువు మీద ఒట్టు. ఎంత గట్టిగా పరిగెడతావో పరిగెత్తు.”

ఈ మాట అన్నది నేనే. ఎవరో అన్నట్టు చెప్పుకుందామని చాలాసార్లు ప్రయత్నించాను, కుదరలేదు.

కిషోర్ మొహం పదో తరగతిలో ఉన్నప్పటి మొహంలా అయింది. చెయ్యి ఊపి పరుగందుకున్నాడు. వాడు అంత వేగంగా పోవడం నేనెప్పుడూ చూడలేదు. పచ్చ టీషర్టు మంచులో కలిసిపోయింది.

చెప్పడానికి నాకు ఇంకో పావుగంట పట్టింది. ముందు మోకాలు గురించి మాట్లాడాను, తర్వాత స్కూలు గురించి. చివరికి రత్నబాబే, “అసలు సంగతేందో కక్కు,” అన్నాడు. అప్పుడు అంతా చెప్పాను. డాక్టరు ఫోను, గుండె గోడ, తెల్లముక్క కింద రెండు లైన్లు. చెబుతూ ఏడ్చాను కూడా. “తప్పు నాదేరా. మూడు రోజులు దాచాను. నువ్విక్కణ్ణుంచి ఒక్క అడుగు కూడా పరిగెత్తొద్దు, ఆటో పిలుస్తా,” అన్నాను.

రత్నబాబు ముందు నవ్వాడు. తర్వాత ఆ నవ్వు ఆగిపోయింది. రోడ్డువైపు చూశాడు.

“ఆ ఈసీజీ నాది కాదురా,” అన్నాడు.

“నీ పేరుందిగా.”

“పేరే నాది. ఆ రోజు నాకు షుగర్ మూడొందలు దాటి ఉంది. పరీక్షలో బయటపడితే డంపర్ దింపుతారని వణికిపోయా. సాయంత్రం రైలుకి నన్నెక్కించుకోడానికి కిషోర్‌గాడు కారేసుకొచ్చాడు. వ్యానోళ్ళకి మా మొహాలు తెలవ్వు. ‘టోకెన్ ఇటివ్వు, నేను పడుకుంటా, నాకేం అరిగిపోద్ది’ అన్నాడు. రక్తం వాడిదే. ఈసీజీ వాడిదే.”

“నాకెందుకు చెప్పలేదురా?”

“నీకా? చెప్తే ఆర్నెల్లు తిడతావు. ‘ఆ మాస్టరుకి చెప్పమాకు, చంపుతాడు’ అన్నాడు వాడే.”

ఇద్దరం ఒకేసారి లేచాం. ఫోన్ చేద్దామంటే వాడి ఫోను కార్లో ఉంది, పరుగులో రాజ్యశ్రీ ఫోన్లు చేస్తుందని తీసుకురాడు. పరిగెత్తాం. నాలుగు కిలోమీటర్లు. ఏ రేసులోనూ నేనలా పరిగెత్తలేదు. ప్రతి మలుపులోనూ వాడు రోడ్డుపక్కన కూర్చుని కనిపిస్తాడనీ, “ఛ, అయిపోయింది నా పని,” అని నవ్వుతాడనీ ఆశ. ఏ మలుపులోనూ లేడు. “యేసయ్యా, వాడు అలిసిపోయి ఆగేలా చెయ్యి,” అని పైకే అరిచాను.

ఊరు మొదట్లో బసవయ్య టీకొట్టు. ప్రతి ఆదివారం మమ్మల్ని చూసేవాడే. మమ్మల్ని చూడగానే చెయ్యి ఊపాడు. “ఇయ్యాల మీ లావాటాయన ఫస్టండోయ్! నవ్వుకుంటా పోయాడు. గుర్రంలాగా పోయాడండి!”

రేవు మెట్ల మీద ఒక బూటు పైన ఉంది, ఒకటి నాలుగు మెట్లు కింద. పరిగెడుతూనే విప్పి పారేసినట్టున్నాడు. స్వామి రేవులోకి బూట్లతో దిగడు వాడు, ఎంత తొందరైనా. చివరి మెట్టు మీద బోర్లా పడి ఉన్నాడు. కుడిచెయ్యి మణికట్టుదాకా నీళ్ళలో ఉంది.

రత్నబాబు వాణ్ణి తిప్పాడు. రేసుల్లో నేర్పిన పద్ధతిలో నేను ఛాతీ మీద రెండు చేతులూ వేసి నొక్కాను. లెక్కపెట్టాను. లెక్కల మాస్టర్ని, ముప్ఫై దగ్గర ఎన్నిసార్లు తప్పానో తెలియదు. రత్నబాబు నూట ఎనిమిదికి ఫోన్ చేసి అరుస్తున్నాడు, మధ్యమధ్యలో, “లేవరా, నువ్వే గెలిచావురా, లేవరా,” అంటున్నాడు. బసవయ్య వచ్చి నిలబడ్డాడు, తువ్వాలు నోటికి అడ్డం పెట్టుకున్నాడు. అంబులెన్స్ వచ్చేదాకా నొక్కుతూనే ఉన్నాను. అందులోంచి దిగినాయన నాడి చూసి, కళ్ళలో లైటు వేసి చూసి, నా భుజం మీద చెయ్యి వేసి, “ఇంక ఆపండి మాస్టారూ,” అన్నాడు.

అప్పుడు నా ఫోన్ మోగింది. రాజ్యశ్రీ.

“అన్నయ్యగారూ, ఈయన ఫోను ఎత్తట్లేదు. కార్లో పడేసి ఉంటారుగా. రేవుకి చేరారా అండీ?”

“చేరామమ్మా.”

“ఇవాళ ఎవరు ముందు?”

రత్నబాబు వాడి తల ఒళ్ళో పెట్టుకుని కూర్చుని ఉన్నాడు. వాడి కుడిచెయ్యి ఇంకా తడిగానే ఉంది.

“మీ ఆయనే,” అన్నాను.

“అబ్బో! ఇంక వారం రోజులు కొట్లో ఇదే కబురు.” ఆవిడ నవ్వింది. “ఒకప్పుడు ఈయన ఇంట్లోంచి కదిలితే నా ప్రాణం నిలిచేది కాదండీ. మీరు ఆ ఈసీజీ చూపించి భయపడొద్దన్నారుగా, అప్పట్నుంచి ఆదివారాలు ప్రశాంతంగా పడుకుంటున్నా.”

“చెల్లెమ్మా,” అన్నాను. “ఆ కాగితం నేను చదవలేదమ్మా.”